బిల్లు సున్నా, ఎర్త్ సున్నా

మన వాడల్లో కరెంటు బిల్లు సున్నా. ఎర్త్ కూడా సున్నా. మొదటి సున్నా గురించి ప్రతి ఎన్నికలకూ ఫ్లెక్సీలు కడతారు. రెండో సున్నా గురించి నోరు తెరిచిన నాయకుడు నాకింతవరకూ కనపడలేదు. పోయిన భాగంలో వాడకు రాని రోడ్డు గురించి రాశాను. ఈసారి గడప దాటి లోపలికి, స్విచ్‌బోర్డు దగ్గరికి పోదాం.

మా వెలిగండ్ల పేరులో వెలుగు వినపడుతుంది, వెలి కూడా వినపడుతుంది. ఊరికీ వాడకూ వచ్చేది ఆ 230 వోల్టులే. తేడా అంతా మీటరు దాటాక మొదలవుతుంది. ఊళ్లో కొత్తగా లేచిన డాబాకు ఎర్త్ గుంత తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోస్తారు. కాలనీ ఇంట్లోకి వచ్చేవి రెండే తీగలు, ఫేజు, న్యూట్రల్. సాకెట్‌లో పైన పెద్ద రంధ్రం ఉంటుంది. దాని వెనక ఏ తీగా ఉండదు. అది గోడకు పెట్టిన బొమ్మ.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, మాటను పట్టుకుంటాను. ఎర్త్ అంటే భూమి. భూమి కోసం తరతరాలుగా కొట్లాడుతున్నాం. ఎకరాల సంగతి తర్వాత. ఇంటి గోడ పక్కన ఒక పైపు పాతేంత భూమిని కూడా మన స్విచ్‌బోర్డుకు కలపలేదు. కూలర్ రేకులోకి కరెంటు దిగితే, ఎర్త్ ఉన్న ఇంట్లో అది తీగ వెంట నేలలోకి పోతుంది. ఎర్త్ లేని ఇంట్లో తడి చేతులతో కూలర్‌ను ముట్టుకున్న అమ్మే ఆ తీగ అవుతుంది.

"ఫీజు ఉందిగా సార్, ఎంసీబీ ఉందిగా" అంటారు పిల్లలు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గానీ కదలదు. చేతి కండరాలు బిగుసుకుని తీగను వదల్లేకపోవడానికి 10 దాటితే చాలు. గుండె లయ తప్పడానికి 100 చాలు. మన ఊళ్లలో "కరెంటు పట్టుకుంది" అంటారు చూడండి, అది శాస్త్రానికి చాలా దగ్గరి మాట. మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది, దాని పేరు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు ఒకటేనా అని అది లెక్క చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. ధర రెండు వేలకు అటూ ఇటూ.

మరి చట్టం ఏం చేసింది? 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 61-ఎ అని ఒక నిబంధన చేరింది. లీకేజీని పట్టి కరెంటును ఆపే పరికరం ఉండాలని అది చెప్పింది. కానీ 5 కిలోవాట్ల లోపు లోడున్న ఇళ్లను వదిలేసింది. 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి, చిన్న లోడుకు మినహాయింపు మాత్రం పోలేదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉండే ఇల్లు ఎవరిది మిత్రులారా? ఆ నిబంధనలో కులం పేరు ఎక్కడా లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. కిలోవాట్లలో గీత గీస్తే అది వాడ చుట్టూ పడుతుందని గీసినవాళ్లకు తట్టకపోయినా, పడింది మాత్రం అక్కడే.

"ఫ్రీగా ఇస్తున్నారు, ఇంకా ఏం కావాలి?" అని కామెంట్ పెట్టే పెద్దమనుషులకు ఒక మాట. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచిత కరెంటును 2019లో 200 యూనిట్లకు పెంచారు. మంచిదే, అది మన హక్కు. అయితే కరెంటును యూనిట్లలో కొలిచే ప్రభుత్వం, ఆ కరెంటు పారే గోడను ఒక్కసారి చూసిందా? దేశంలో కరెంటు షాక్‌తో చనిపోయేవాళ్లు 2019 నుంచి 2021 దాకా ఏ ఏడు చూసినా 12 వేలకు పైనే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. మీటరు దాటాక జరిగితే మాకు సంబంధం లేదంటారు. పోయిన మనిషి బిల్లు కూడా సున్నానే.

బాబాసాహెబ్‌ను రాజ్యాంగం పుస్తకంతోనే చూడడం మనకు అలవాటైపోయింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఆయన చూసిన శాఖల్లో విద్యుత్తు ఒకటి. 1943 అక్టోబరులో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన మాట్లాడినప్పుడు కరెంటును సౌకర్యంగా చూడలేదు. పేదరికం ఊబిలోంచి జనాన్ని బయటికి లాగే పరిశ్రమలకు ఆధారంగా చూశాడు. చవకగా, సమృద్ధిగా కరెంటు కావాలన్నాడు. ఆ కరెంటే మన ఇంట్లో ప్రాణం తీస్తుంటే "ఫ్రీ" అనే మాట దగ్గర ఆగిపోవడం ఆయన వారసులం చేయాల్సిన పని కాదు.

ఇక ఎలక్ట్రీషియన్ సంగతి. నా విద్యార్థి ఒకడు వాడ పిల్లోడు, ఐటీఐ చదివి డిగ్రీలో చేరాడు. సెలవుల్లో వైరింగ్ పనికి పోతాడు. ఒక ఇంట్లో వంటగది బోర్డు కాలిపోయిందని పిలిచారు. గుమ్మంలో పెద్దాయన అడిగిన మొదటి మాట, "ఎవురి పిల్లోడివిరా?" రెండోది, "ఏ పేట?" పర్మిట్ ఉందా అని అడగలేదు, టెస్టర్ తెచ్చావా అని అడగలేదు. వంటగదిలోకి వద్దన్నారు. అదే ఇంటివాళ్లు వారం తిరిగేసరికి వర్షంలో స్తంభం ఎక్కమని కబురు చేశారు. ఎల్‌సీ తీసుకోకుండా, గ్లవ్స్ లేకుండా. వంటగదికి పనికిరాని చెయ్యి బోడి తీగకు పనికొచ్చింది! ముట్టుకోకూడదని మనల్ని అన్న ఊళ్లో, నిజంగా ముట్టుకోకూడనిది ఆ తీగ ఒక్కటే.

తమ్ముళ్లూ, స్తంభం మీ పని కాదు. అది లైన్‌మన్ పని, లైన్ ఆపించి చేయాల్సిన పని. ఎవరు బతిమాలినా, బెదిరించినా ఎక్కొద్దు. 1912కు ఫోన్ చేయమనండి.

ఇంటికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచేవాళ్లు అడగాల్సింది కులం కాదు, ఇవి:

వైర్‌మన్ పర్మిట్ ఉందా, లేకపోతే ఏ లైసెన్స్ కాంట్రాక్టరు కింద చేస్తున్నాడు? బల్బు, ఫ్యాను, ఫీజు, స్విచ్ మార్చడం దాటిన వైరింగ్ ఏదైనా లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలని 2010 నిబంధనలే చెప్పాయి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపాడా? టెస్టర్‌తో చూశాడా?

లైట్లకు 1.5, పవర్ సాకెట్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల ఐఎస్ఐ వైరు వేస్తున్నాడా?

ఎర్త్ గుంత ఎక్కడో చూపించమనండి. కొందరు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపి "అయిపోయింది" అంటారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఇంట్లో ప్రతి రేకు సామానూ షాక్ కొడుతుంది.

మన పశ్చిమ ప్రకాశంలో నేల రాతినేల, ఎండాకాలం చుక్క తడి ఉండదు. ఎండిన నేల కరెంటును సరిగ్గా తీసుకోదు. అందుకే గుంతలో నీళ్లు పోస్తుండాలి, ఆర్‌సీసీబీ తోడుండాలి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. బట్టలారేసే దండేన్ని సర్వీసు తీగ పక్కన కట్టొద్దు. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి, కుదరకపోతే పొడి కర్రతో విడిపించండి, 108కు ఫోన్ చేయండి. పని చేసినవాడికి కుర్చీ వేయండి, మీరు తాగే గ్లాసులోనే నీళ్లివ్వండి, కూలి ఆ రోజే ఇవ్వండి.

మన ఉద్యమానికీ ఒక మాట. 2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా తాడిపర్రులో సర్దార్ పాపన్న గౌడ్ విగ్రహావిష్కరణకు ఫ్లెక్సీ కడుతూ నలుగురు యువకులు కరెంటుకు బలయ్యారు. ఏప్రిల్ 14కు మనమూ ఇనప ఫ్రేములు లేపుతాం, అతుకుల వైర్లతో సీరియల్ లైట్లు కడతాం. విగ్రహం నిలబడాలని పిల్లల్ని పోగొట్టుకోవద్దు. తీగల కింద ఫ్రేము లేపొద్దు, కరెంటు పని తెలిసినవాడు లేకుండా ఒక్క బల్బూ కట్టొద్దు.

డిమాండ్ చిన్నదే. ప్రతి ఎస్సీ కాలనీ ఇంటికీ ఎర్త్, ఆర్‌సీసీబీ ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి. ఐటీఐ చదివిన వాడ పిల్లలకు పర్మిట్ ఇప్పించి ఆ పని వాళ్లకే ఇవ్వాలి. డబ్బులు లేవనకండి. 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం ఉంది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించుకున్నారు. ఈ సోమవారం స్పందించే అధికారి ఎవరైనా సరే, మండలాఫీసులో అర్జీ పెట్టండి. పెట్టే ముందు మీ వాడలో ఎన్ని ఇళ్లకు మూడో తీగ ఉందో లెక్క రాసుకోండి. ఆ లెక్క లేకుండా పోతే వాళ్లు మళ్లీ మొదటి సున్నానే చూపిస్తారు.

జై భీమ్.