టఫన్ వేస్తే తుపాను ఆగుతుందా?

గాజు దుకాణానికి వెళ్ళి అడిగి చూడండి. విశాఖ అయినా, కాకినాడ అయినా, నెల్లూరు అయినా ఒకటే మాట: "టఫన్ వేయించుకోండి సార్, తుపాను వచ్చినా ఢోకా లేదు." మా ఊరు గుడిబండె సముద్రానికి రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇక్కడ ఆ మాటే కాస్త మారి "కోతులు దూకినా ఢోకా లేదు" అవుతుంది. బైరేగౌడ కోట కట్టిన బండ కింద ఊరు, కోతులకు కొదవ లేదు కనక ఆ హామీకి ఇక్కడ గిరాకీ ఉంది. కోతుల విషయంలో దుకాణదారుడు చెప్పేది నిజం కూడా. తుపాను విషయంలో మాత్రం నిజం కాదు.

ఈ నమ్మకం అమ్మేవాళ్ళది మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఇల్లు కట్టుకునే ఉద్యోగి నుంచి హోటలు లేపే యజమాని దాకా, కిటికీ దగ్గరికి వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: ఎన్ని ఎంఎం? ఎనిమిదా, పదా, పన్నెండా? మందం పెరిగితే భద్రత పెరిగిందని లెక్క. నేనంటున్నది, తీరప్రాంతంలో ఆ ప్రశ్నే తప్పని. తుపానులో అద్దం పగలొచ్చు, పగిలితే కొంప మునగదు. పగిలిన అద్దం ఫ్రేములోనే నిలబడిందా, ఊడిపోయి గోడకు కంత పడిందా అన్నదాని మీదే ఇల్లు నిలవడం, నిలవకపోవడం ఆధారపడి ఉంటుంది. టఫన్ అద్దం సరిగ్గా ఈ పరీక్షలోనే తప్పుతుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. అంతకు ముందు మనకు తెలిసిన పెద్ద తుపానులు వేరే రకం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది, వేల ప్రాణాలు పోయాయి. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అందుకే తుపాను అంటే మన కళ్ళ ముందుకు వచ్చేవి నీళ్ళు, పూరిళ్ళు, కూలిన చెట్లు. ఆ అనుభవంతోనే షెల్టర్లు కట్టుకున్నాం, ముందే జనాన్ని తరలించడం నేర్చుకున్నాం, ఎన్నో ప్రాణాలు దక్కించుకున్నాం. అద్దాలు తొడుక్కున్న నగరం మీద తుపాను పడితే ఏమవుతుందో మాత్రం హుద్‌హుద్ వచ్చేదాకా మనకు తెలియదు.

ఆ రోజు విమానాశ్రయం టెర్మినల్ దెబ్బతిని విమానాలు కొన్ని రోజులు ఆగిపోయాయి. బీచ్ రోడ్డు హోటళ్ళ నుంచి ఊరి లోపలి షోరూముల దాకా, ఆసుపత్రుల నుంచి అపార్టుమెంట్ల బాల్కనీల దాకా అద్దాలు రాలిపోయాయి. వాటిని పగలగొట్టింది గాలి ఒక్కటే అనుకుంటే పొరపాటు. గాలి మోసుకొచ్చిన సరుకు పగలగొట్టింది: సిమెంటు రేకులు, హోర్డింగుల ఇనుము, డాబాల మీది ట్యాంకుల మూతలు, విరిగిన కొమ్మలు, పక్క భవనం నుంచి అప్పుడే ఊడిన అద్దం. ఒక భవనం గుల్ల కాగానే దాని ముక్కలు వెనక భవనానికి రాళ్ళవుతాయి. సన్నటి అద్దం, మందపాటి అద్దం అన్న తేడా అప్పుడు పెద్దగా మిగలదు.

టఫన్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు అద్దాన్ని ఆరు వందల డిగ్రీల సెల్సియస్ దాటేలా కాల్చి, రెండు వైపులా చల్లగాలి కొట్టి ఒక్కసారిగా చల్లబరుస్తారు. పైపొర బిగుసుకుని లోపలికి నొక్కుతుంటుంది, లోపలి భాగం బయటికి లాగుతుంటుంది. ఈ పెనుగులాట వల్లే అది మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు గట్టిది. చెయ్యి ఆనించినా, తలుపు కొట్టుకున్నా, కోతి దూకినా తట్టుకుంటుంది. కానీ మొనదేలిన వస్తువు ఏదైనా ఆ పైపొరను చీల్చి లోపలికి దిగిందా, ముఖ్యంగా అంచు దగ్గర, లోపల బిగబట్టిన బలమంతా ఒక్కసారిగా విడుదలై పలక మొత్తం చిన్న చిన్న గడ్డలుగా కురుస్తుంది. మనిషిని కోయకుండా ఉండటానికి అలా తయారు చేశారు. మనిషి భద్రతకు అది గొప్ప గుణం. తుపానులో అదే గుణం ఇంటిని ముంచుతుంది, ఎందుకంటే క్షణంలో కిటికీ ఉన్న చోట కిటికీ ఉండదు.

కారు తెలిసినవాళ్ళకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. పక్క అద్దానికి దెబ్బ తగిలితే సీటు నిండా గింజలు. ముందు అద్దానికి రాయి తగిలితే సాలెగూడులా పగుళ్ళు పడుతుంది, కానీ అక్కడే ఉంటుంది. పక్కది టఫన్, ముందుది లామినేటెడ్. రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి, వేడిలో ఒత్తి అతికిస్తారు. పలకలు పగిలినా ముక్కల్ని పొర పట్టుకుంటుంది. తుపాను అద్దం అని అమెరికాలో అమ్మేది మూలంలో ఇదే. పొర ఇంకా మందం, కొన్నిటిలో ఇంకా బిరుసు.

పగిలిన కిటికీ అంత ప్రమాదం ఎందుకో కూడా చెప్పాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం గాలి బలాన్ని లెక్కగట్టే పుస్తకం. గోడలో కంతలు ఐదు శాతం లోపు ఉంటే లోపలి ఒత్తిడి గుణకం 0.2 తీసుకోమంటుంది. ఇరవై శాతం దాటితే 0.7. అంటే గాలికి ఎదురుగా ఉన్న పెద్ద కిటికీ ఒకటి పోగానే, లోపలి నుంచి గోడల్నీ కప్పునీ తోసే బలం మూడు రెట్లు దాటుతుంది. బయట కప్పును పైకి లాగే గాలికి లోపలి నుంచి పైకి తోసే గాలి తోడవుతుంది. 1974 క్రిస్మస్ నాడు ఆస్ట్రేలియాలో డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను నేలమట్టం చేసినప్పుడు ఇంజనీర్లు చూసింది ఇదే. చాలా ఇళ్ళలో ముందు కిటికీ పోయింది, ఆ తర్వాతే కప్పు.

"మాది స్లాబు ఇల్లు కదా, కప్పు ఎక్కడికి ఎగురుతుంది?" అంటారు. ఎగరదు, నిజమే. కానీ ఫంక్షన్ హాలు, గోడౌను, పెట్రోలు బంకు, బడి షెడ్డు స్లాబులు కావు. స్లాబు ఇంట్లో కూడా ఒక వైపు కిటికీ పోతే లోపల చిక్కుకున్న గాలి ఎదుటి గోడ కిటికీని వీధిలోకి తోసేస్తుంది. ఆపైన గంటల తరబడి అడ్డంగా కొట్టే వాన. ఫాల్స్ సీలింగు కూలుతుంది, వైరింగు తడుస్తుంది, మంచాలు బీరువాలు నానతాయి. ఆసుపత్రిలో అయితే ఐసీయూ గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను ఊడ్చేశాక మయామీ వాళ్ళు మన ప్రశ్న అడగలేదు. ఎన్ని మిల్లీమీటర్లు అని కాకుండా, ఏం తగిలినా నిలుస్తుందా అని అడిగారు. పరీక్ష మోటుగా ఉంటుంది. సుమారు నాలుగు కిలోల కర్ర దుంగను గంటకు యాభై ఐదు కిలోమీటర్ల వేగంతో ఫిరంగి లాంటి గొట్టం నుంచి కిటికీ మీదికి వదులుతారు. అద్దం పగలొచ్చు, తప్పు లేదు. అలా పగిలిన కిటికీనే తీసుకుని, గాలి ఒత్తిడిని అటూ ఇటూ వేల సార్లు మారుస్తారు. అమెరికా జాతీయ ప్రమాణంలో అది 9000 సార్లు. అప్పటికీ కంత పడకపోతే పాసు. పరీక్షించేది అద్దం పలకను కాదని గమనించండి. అద్దం, ఫ్రేము, సిలికాన్, గోడలోకి దిగిన బోల్టు అన్నీ కలిపి ఒకటిగా పరీక్షిస్తారు. ఎంత మంచి లామినేటెడ్ పలక తెచ్చినా, పలచటి అల్యూమినియం సెక్షనులో కూర్చోబెట్టి, రెండు స్క్రూలూ కాస్త ఫోమూ పెట్టి వదిలేస్తే గాలి కిటికీని ఫ్రేముతో సహా పీకి హాల్లో పడేస్తుంది. మనవాళ్ళు ఇష్టపడే పెద్ద స్లైడింగు తలుపుల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ.

మన దగ్గర ఏముంది? అదే ఐఎస్ 875 గాలి మ్యాపులో విశాఖకు సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనక బెంగళూరులో చదరపు మీటరుకు దాదాపు అరవై ఐదు కిలోల బరువు పడే చోట విశాఖలో నూట యాభై పడుతుంది. బెంగళూరు ఐటీ పార్కు చూసి ముచ్చటపడి అలాంటి ముఖమే తీరంలో కట్టుకునేవాళ్ళు ఈ రెండుంబావు రెట్ల సంగతి గుర్తుంచుకోవాలి. 2015లో సవరించిన ప్రమాణం తూర్పు తీరం నుంచి అరవై కిలోమీటర్ల లోపు కట్టడాలకు ఇంకో గుణకం తెచ్చింది. ఆసుపత్రుల వంటి అత్యవసర భవనాలకు 1.30, ఫ్యాక్టరీలకు 1.15, మిగతా అన్నిటికీ 1.00. ఒకటితో హెచ్చవేస్తే ఏం పెరుగుతుందో మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఇల్లు, దుకాణం, హోటలు, సినిమా హాలు అన్నీ ఆ "మిగతా" లోనే ఉన్నాయి. ఇది గాలి బలం లెక్క మాత్రమే. ఎగిరొచ్చిన రేకు తగిలితే కిటికీ ఏమవుతుందో మయామీలో లాగా పరీక్షించి తీరాలన్న షరతు మన ఇంటి అనుమతుల్లో లేదు.

"ఎప్పుడో యాభై ఏళ్ళకు ఒకసారి వచ్చేదానికి ఇంత ఖర్చా?" ఇది రెండో వాదన, మొదటిదానికన్నా ప్రమాదకరమైనది. మ్యాపులోని వేగం యాభై ఏళ్ళ లెక్క మీద ఇచ్చినదే. దాని అర్థం ఒకసారి వచ్చి పోయాక యాభై ఏళ్ళు సెలవు అని కాదు. ఏ ఏడాదైనా నూటికి రెండు వంతుల అవకాశం ఉంటుందని. యాభై ఏళ్ళు నిలిచే ఇంటికి లెక్క కట్టి చూస్తే, ఆ వేగాన్ని ఒక్కసారైనా చవిచూసే అవకాశం నూటికి అరవై నాలుగు దాకా వస్తుంది. నాణెం ఎగరేసినా బొమ్మ పడటానికి అంత అవకాశం ఉండదు.

ఇంకొందరు సముద్రం వైపు కిటికీలకు మాత్రం గట్టి అద్దం వేసి చేతులు దులుపుకుంటారు. తుపాను గిరగిర తిరిగే గాలి. కన్ను మీ ఊరి మీదుగా పోతే ముందు ఒక దిక్కు నుంచి కొడుతుంది, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. టేపు సంగతి సరేసరి. ప్రతి తుపానుకూ అద్దాల మీద ఇంటూ గుర్తులా టేపు అంటించిన ఫొటోలు వస్తాయి. దానివల్ల అద్దం బలం పెరగదు, ఊడిపడే ముక్కలు పెద్దవవుతాయి. తుపాను ముందు దొరికే ఆ కాస్త సమయాన్ని డాబా మీది సామాను దించడానికి వాడుకుంటే పక్కింటివాళ్ళైనా బాగుపడతారు.

నేను గాజు అమ్మేవాణ్ణి కాదు. ఖరీదైన ఇంపాక్ట్ అద్దం ప్రతి ఇంటికీ కావాలని అనను. మామూలు ఇంటికి చిన్న పలకల కిటికీలు, బయట బిగించే చెక్క లేదా ఇనుప తలుపులు, పెద్ద అద్దాల ముందు గట్టి ఇనుప జల్లెడ చాలావరకు పని చేస్తాయి. తీరంలోని పాత ఇళ్ళ మందపాటి చెక్క కిటికీ రెక్కలు ఊరికే పెట్టినవి కావు. కాకపోతే వాటిని మూసేందుకు ఇంట్లో మనిషి ఉండాలి. ఏడో అంతస్తు హోటలుకు, ఆసుపత్రికి, విమానాశ్రయానికి, వందల అడుగుల అద్దపు ముఖం ఉన్న షోరూముకు ఆ వీలు లేదు. అక్కడ లామినేటెడ్ అద్దం, దాన్ని పట్టి ఉంచే ఫ్రేము తప్పనిసరి కావాలి. అద్దాల భవనాలే వద్దనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. నిషేధిస్తే గాజు పోతుంది, దాని చోట బలహీనంగా బిగించిన క్లాడింగు షీట్లు వస్తాయి, అవీ ఎగురుతాయి.

మా గుడిబండె, బాగేపల్లి, చింతామణి వాళ్ళకు దీనితో పని లేదు. 2021 నవంబరులో తీరం దాటిన వాయుగుండం మా జిల్లా చెరువులు నింపింది, రోడ్లు తెంచింది, అంతే. సముద్రపు గాలి మా దాకా వానగా చేరుతుంది తప్ప ఈడ్చి కొట్టే గాలిగా కాదు. ఇక్కడ టఫన్ చాలు. తుపాను అద్దమని చెప్పి ఇక్కడ ఎవరైనా అమ్మజూపితే డబ్బు దండగ. కానీ మా వైపు చెల్లే సరుకునే తీరానికి కూడా సరిపోతుందని అమ్మడం మోసం, తెలియక అమ్మినా ఫలితం అదే.

ప్రభుత్వం ఆ 1.00 ని, కనీసం పెద్ద అద్దపు ముఖాలున్న వ్యాపార భవనాలకైనా మార్చాలి. దెబ్బ పరీక్షను అనుమతికి షరతు చేయాలి. అది జరిగేలోగా తీరంలో ఇల్లో దుకాణమో కట్టుకుంటున్న వారికి నా విన్నపం ఒకటే. కొటేషన్ తీసుకునేటప్పుడు ఎన్ని ఎంఎం అని అడగకండి. లామినేటెడా కాదా, మధ్య పొర మందం ఎంత, ఫ్రేము ఏ గాలి ఒత్తిడికి లెక్కగట్టారు, గోడలోకి ఏ బోల్టు ఎంత లోతు దింపుతారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనివాడి దగ్గర కొనకండి.