పందెపు కార్లు – ఫిరాయింపు చట్టం

బిల్లుల ముసాయిదాలు చదవడంలోనే వయసు గడిపిన నాకు మోటారు పందాలమీద ప్రత్యేకమైన మక్కువ లేదు. కాని నిబంధన రచించేవారికీ, దానిలో లొసుగు వెదికేవారికీ మధ్య జరిగే పోటీని చూడగోరేవారికి పార్లమెంటు తర్వాత ఫార్ములా వన్‌ను మించిన రంగం లేదు.

1978 జూన్‌లో స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్ పందానికి బ్రాబమ్ జట్టు వెనుక పెద్ద ఫ్యాను అమర్చిన కారును దించింది. కారు అడుగున ఉన్న గాలిని ఫ్యాను లాగివేయగా, కారు నేలకు అతుక్కుపోయి మలుపులలో సైతం వేగంగా పోగలుగుతుంది. గాలి ఒత్తిడిని వాడుకొనే భాగాలేవీ కదలరాదని నిబంధన. ఫ్యాను ప్రధానంగా ఇంజను చల్లబరచడానికేనని రూపకర్త గోర్డన్ మర్రే సమాధానం. నికీ లాడా 34 సెకన్ల తేడాతో గెలిచాడు. ప్రత్యర్థులు గగ్గోలు పెట్టారు. విజయం చెల్లింది; ఆ కారు మాత్రం మరే పందెంలోనూ పాల్గొనలేదు.

1982 మార్చిలో బ్రెజిల్‌లో మరొక చోద్యం. కారు బరువు 580 కిలోలకు తగ్గరాదు. ఖర్చయిన ద్రవాలను తిరిగి నింపి తూచవచ్చునన్న వెసులుబాటు ఉన్నది. బ్రేకులు చల్లబరచడానికన్న సాకుతో కొన్ని జట్లు నీటి తొట్లు అమర్చి, ఆ నీటిని దారిలో వదిలివేసి, తేలికైన కార్లతో పరుగు తీశాయి. మొదటి రెండు స్థానాలలో వచ్చిన పికే, రోస్‌బర్గ్‌లను ఏప్రిల్‌లో అనర్హులుగా ప్రకటించి, ప్రోస్ట్‌కు విజయం కట్టబెట్టారు.

రెండింటిలోనూ సాకు ఉన్నది. అయితే మొదటిది ఒక కొత్త యంత్రాన్ని సృష్టించింది; రెండవది తూకాన్ని మోసగించింది. నిర్వాహకులు ఈ తేడాను గుర్తించారు. అంతకంటె ముఖ్యం, త్వరగా మేల్కొన్నారు.

మన శాసనకర్తల సంగతి వేరు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం, మూడింట ఒక వంతు సభ్యులు విడిపోతే అది ఫిరాయింపు కాదు, చీలిక అన్నది. ఒక్కడు చేస్తే తప్పు, గుంపుగా చేస్తే ఒప్పు! ఈ లొసుగును 2003లో 91వ రాజ్యాంగ సవరణతో మూయడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. చీలిక, విలీనం మినహాయింపులు రెండింటినీ తొలగించాలని లా కమిషన్ 1999లోనే సూచించగా, పార్లమెంటు సగం సలహానే స్వీకరించింది. మూడింట రెండు వంతుల విలీనానికి తలుపు తెరిచే ఉంచింది.

ఫలితాన్ని తెలుగువారు 2019 జూన్‌లో చూశారు. రాజ్యసభలో తెలుగుదేశం సభ్యులు ఆరుగురిలో నలుగురు భారతీయ జనతాపార్టీలో విలీనమయ్యారు. తెలంగాణ శాసనసభలో కాంగ్రెసు సభ్యులు పద్దెనిమిది మందిలో పన్నెండుగురు నాటి తెలంగాణ రాష్ట్ర సమితిలో కలిశారు. రెండు చోట్లా లెక్క సరిగ్గా మూడింట రెండు వంతులు. తూకంలో గ్రాము తేడా లేదు.

తెలివైనవారు లొసుగు వెదకడం సహజం. దానిని నేను తప్పుపట్టను. తెలిసీ మూయని వారిదే దోషం. పార్టీ మారదలచినవాడు, ఒక్కడైనా పదిమందైనా, రాజీనామా ఇచ్చి మళ్లీ తీర్పు కోరాలి. పందెంలో మోసపోయిన జట్టుకు కొద్ది వారాలలోనే మరో పందెం ఉంటుంది. మోసపోయిన ఓటరు అయిదేళ్లు ఆగాలి.