బంతి అందించిన చెయ్యి

మార్చి నెల వస్తోందంటే మన ప్రాంతంలో తెలుగు ఇళ్ళకి కూడా ఒక జ్వరం పట్టుకుంటుంది. రాలీ, డర్హం, చాపెల్ హిల్ - ఈ మూడూళ్ళ మధ్య కాపురాలు పెట్టుకున్నవాళ్ళం మనం. రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగాలకో, ఆస్పత్రుల్లో, యూనివర్సిటీల్లో పనులకో వచ్చాం. వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు "మీది ఏ దేశం?" అని తర్వాత అడిగారు. ముందు అడిగింది "మీరు కరొలైనా వైపా, డ్యూక్ వైపా?" అని. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మేము తెల్లమొహం వేశాం.

మొన్న శనివారం ఒక మిత్రుల ఇంట్లో భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. కరొలైనా కుర్రాడొకడు బంతి బుట్టలో వేశాడు. వేసి గంతులెయ్యలేదు. వెనక్కి పరిగెడుతూనే తోటి ఆటగాడి వైపు వేలు చూపించాడు. ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, "ఆ వేలు చూపించటం ఏమిటి? వాడేదైనా తప్పు చేశాడా?" అన్నారు. ఆ ఇంటి పధ్నాలుగేళ్ళ అబ్బాయి సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పాడు. "కాదు తాతగారూ, బంతి అందించింది వాడు. అందుకని థాంక్స్ చెప్తున్నాడు. డీన్ స్మిత్ పెట్టిన రూలు అది."

పెద్దాయన తల ఊపి ఊరుకున్నారు. మాకు మాత్రం ఆ మాట ఇంటికొచ్చినా వదల్లేదు. కారణం ఉంది. అదే సాయంత్రం భోజనాల దగ్గర, మన సంఘం నడిపే ఆదివారం తెలుగు బడి మూసేద్దామా అన్న చర్చ జరిగింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ తీర్మానం రాబోతోంది. నిజం చెప్పొద్దూ, మూసేద్దామన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ సంగతికి తర్వాత వస్తాం.

"ప్రోగ్రాం" అంటే మనకి తెలిసింది ఒక్కటే. ఉగాదికో, దీపావళికో స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని, నాలుగు పాటలు, రెండు నాటికలు వేసి, పులిహోర తిని ఇళ్ళకి పోవటం. ఈ దేశంలో కాలేజీ ఆటల దగ్గర ఆ మాటకి వేరే అర్థం ఉంది. ఆటగాళ్ళు నాలుగేళ్ళకోసారి చదువైపోయి వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళు వస్తారు. అయినా ఆ జట్టు పద్ధతి, పేరు, స్థాయి నిలబడి ఉంటే దాన్ని ప్రోగ్రాం అంటారు. అలాంటిదాన్ని ముప్ఫయ్యారేళ్ళు నడిపినవాడు డీన్ స్మిత్.

ఆయన 1931లో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ బడిపంతుళ్ళే. తండ్రి అక్కడి హైస్కూలు జట్టుకి కోచ్ కూడా. నల్లజాతి కుర్రాణ్ణి జట్టులోకి తీసుకుని, 1934లో రాష్ట్ర పోటీల్లో గెలిచినవాడు. కొడుకు లెక్కల్లో డిగ్రీ చేశాడు. కాన్సస్ యూనివర్సిటీ 1952లో జాతీయ చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు గానీ, ఎక్కువ సేపు బెంచీ మీదే కూర్చున్నాడు. అక్కడి కోచ్ ఫాగ్ ఆలెన్, ఈ ఆటని 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గర నేర్చుకున్నవాడు. మన సంగీతంవాళ్ళ మాటలో చెప్పాలంటే మంచి శిష్యపరంపరే.

1958లో అసిస్టెంటుగా చాపెల్ హిల్ వచ్చాడు. 1961లో ముప్ఫయ్యేళ్ళ వయసులో జట్టు చేతికొచ్చింది. ఎలాంటి స్థితిలో? నియమాలు తప్పినందుకు కరొలైనా జట్టు శిక్షలో ఉంది. పందేలవాళ్ళతో చేతులు కలిపిన ఆటగాళ్ళ గొడవ ఒకటి బయటపడింది. సీజనుకి ఆడే ఆటల్ని 17కి కుదించారు. చాన్సలర్ విలియం ఏకాక్ ఆయన్ని అడిగింది గెలుపులు కాదు, యూనివర్సిటీ పేరు చెడకుండా నడపమని. మొదటి సీజన్లో ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడిపోయాడు. ఆ తర్వాత ఏ సీజన్లోనూ గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ కాలేదు.

అయితే అభిమానులకి ఓపిక ఉంటుందా? 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో చిత్తుగా ఓడి జట్టు బస్సులో తిరిగి వచ్చేసరికి, కాంపస్‌లో జిమ్ దగ్గర చెట్టుకి స్మిత్ దిష్టిబొమ్మని ఉరి తీసి ఉంచారు విద్యార్థులు. బిల్లీ కన్నింగ్‌హాం అనే ఆటగాడు బస్సు దిగి దాన్ని లాగి పారేశాడు. ఆ వెంటనే జరిగిన ఆటలో డ్యూక్‌ని వాళ్ళ ఊళ్ళోనే ఓడించారు. ఆ ఏడాది మొదలుకొని 1997 దాకా, వరసగా 33 సీజన్లు, వాళ్ళ లీగులో మొదటి మూడు స్థానాల కిందకి కరొలైనా దిగలేదు. 27 సీజన్లు వరసగా ఇరవయ్యో అంతకు మించో ఆటలు గెలిచింది.

మంత్రం ఏమిటి? చూడబోతే అన్నీ చిన్న చిన్న విషయాలే. బుట్టలో వేసినవాడు బంతి అందించినవాణ్ణి వేలితో చూపించాలి. ఆట మధ్యలో ఎవరైనా బయటికొస్తే బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. అలసిపోయినవాడు పిడికిలి ఎత్తి చూపిస్తే కోచ్ బయటికి పిలుస్తాడు. అలా తనంతట తాను వచ్చినవాడు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో తానే చెప్పొచ్చు. నిజం చెప్పినవాడికి నష్టం ఉండకూడదని ఆ ఏర్పాటు. ఆఖరి సంవత్సరం విద్యార్థులు సొంత ఊళ్ళో ఆడే చివరి ఆటని వాళ్ళే మొదలుపెట్టాలి, నాలుగేళ్ళూ బెంచీ అరగదీసినవాడైనా సరే. రోజూ ప్రాక్టీసు ఏ నిమిషానికి ఏం చెయ్యాలో కాగితం మీద రాసి ఉండేది.

మొదటి సంవత్సరం కుర్రాళ్ళకి ఎంత పేరున్నా ముందుకి తోసేవాడు కాదు. 1981లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రానికి జట్టులో మొదట ఆడే ఐదుగురూ కావాలంటే, నలుగుర్నే నిలబెట్టాడు. మిగిలినవాడు కొత్తగా వచ్చిన మైకేల్ జోర్డన్! మనలో ఎవరి పిల్లాడికైనా అలా జరిగితే మనం ఎన్ని ఫోన్లు చేసి ఉందుమో ఎవరి గుండె మీద వాళ్ళు చెయ్యి వేసుకుని చెప్పాలి.

ఈ చిన్న పద్ధతుల ఫలితం 1974 మార్చి 2న కనిపించింది. డ్యూక్ మీద ఆట. ఇంకా 17 సెకన్లే ఉంది. డ్యూక్ 86, కరొలైనా 78. జనం లేచి ఇళ్ళకి బయల్దేరారు. మూడు పాయింట్ల షాటు ఆ రోజుల్లో లేదు. అయినా ఆ 17 సెకన్లలో ఎనిమిది పాయింట్లు చేసి సమం చేశారు. చివరి రెండూ వాల్టర్ డేవిస్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు చాలా దూరం నుంచి విసిరినవి. అదనపు సమయంలో 96-92తో గెలిచారు. అంత తక్కువ వ్యవధిలో ఏం చెయ్యాలో వాళ్ళు ఊహించుకుని కంగారుపడలేదు. అలాంటి ఘట్టాల్ని ప్రాక్టీసులో ముందే ఎన్నోసార్లు ఆడి ఉన్నారు.

ఇంత చేసినా పెద్ద కప్పు రాలేదు. 1967 నుంచి 1981 దాకా ఆరుసార్లు జాతీయ పోటీల్లో చివరి నలుగురిలోకి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. "మంచివాడే, పెద్ద ఆట మాత్రం గెలవలేడు" అని పత్రికలవాళ్ళు రాశారు. కోచ్ అయిన ఇరవయ్యొకటో సీజన్లో, 1982లో, న్యూ ఆర్లియన్స్‌లో జార్జ్‌టౌన్ మీద 63-62తో మొదటి కప్పు వచ్చింది. చివరి క్షణాల్లో ఆ గెలుపు షాటు వేసింది మైకేల్ జోర్డన్ అని లోకమంతటికీ తెలుసు. బంతి అందించింది ఎవరు? జిమ్మీ బ్లాక్. ఈ పేరు మాకూ ఈ వ్యాసం కోసం వెతికితేనే తెలిసింది. వేలు చూపించే పద్ధతి ఎందుకు అవసరమో దీన్నిబట్టే అర్థమవుతుంది. చూపించకపోతే మరిచిపోతాం.

రెండో కప్పు 1993లో వచ్చింది. 1997లో రిటైరయ్యేనాటికి ఆయన గెలిచిన ఆటలు 879. అప్పటికి అదే రికార్డు. ఆయన రికార్డుని తర్వాత దాటినవాళ్ళలో పక్కూరు డ్యూక్ కోచ్ మైక్ షిషెఫ్స్కీ ఒకడు. ఆయన కథా ఇలాంటిదే. 1980లో వచ్చి మొదటి మూడేళ్ళలో 38 గెలిచి 47 ఓడిపోయాడు. పంపించెయ్యమని అభిమానులు గోల చేశారు. యూనివర్సిటీవాళ్ళు వినలేదు. తర్వాత అయిదు కప్పులు తెచ్చాడు.

ఆట బయటి సంగతీ చెప్పాలి. చాపెల్ హిల్‌లో నల్లవాళ్ళని కూర్చోనివ్వని హోటలుకి, స్మిత్ తొలి రోజుల్లోనే తన చర్చి పాస్టరుతోనూ ఒక నల్లజాతి విద్యార్థితోనూ కలిసి వెళ్ళి భోజనం చేశాడు. 1966లో చార్లీ స్కాట్‌ని తీసుకొచ్చాడు. స్కాలర్‌షిప్పు మీద కరొలైనాలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. ఈ దేశంలో మనం ఇవాళ ఏ హోటల్లోనైనా నిస్సంకోచంగా కూర్చుంటున్నామంటే, అలాంటి భోజనాలు ఎవరో ముందు చేసి పెట్టబట్టే.

అంతా బంగారమేనని చెప్పటం మా ఉద్దేశం కాదు. ఆ యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా పాఠాలు లేకుండానే మార్కులిచ్చిన కోర్సులు నడిచాయని, వాటిలో ఆటగాళ్ళూ చాలామంది చేరారని 2014లో వచ్చిన నివేదిక తేల్చింది. స్మిత్ చివరి సంవత్సరాలూ ఆ కాలంలోనే పడతాయి. మంచి పద్ధతి ఒకసారి పెట్టేస్తే దానంతటది నడవదు. ఎవరో ఒకరు రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిందే.

చివరి రోజుల్లో ఆయనకి మతిమరుపు వ్యాధి వచ్చింది. తన ఆటగాళ్ళ పేర్లన్నీ గుర్తుపెట్టుకున్న మనిషికి ఆ జబ్బు రావటం చూసినవాళ్ళకి కష్టం. 2015 ఫిబ్రవరి 7న పోయాడు. మర్నెలలో ఆయన దగ్గర ఆడిన సుమారు 180 మందికి ఒక్కొక్క ఉత్తరం అందింది. లోపల 200 డాలర్ల చెక్కు. బయట మంచి భోజనం చెయ్యమని, కోచ్ తరఫున అని, వీలునామాలో రాసిపెట్టాడట. జోర్డన్‌కీ అంతే, బెంచీ మీద కూర్చున్నవాడికీ అంతే.

ఇప్పుడు మన బడి సంగతి. మొదటి ఆదివారం గుర్తుందా? చర్చి బేస్‌మెంటులో కుర్చీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. అందరం ఫొటోలు తీసుకున్నాం. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరన్నారో గానీ, మన చిరునామా తెలిసే అన్నారు. మానేసిన పిల్లల్లో మా ఇంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మానలేదు, మేమే మాన్పించాం. ఆదివారం పొద్దున్నే కారు తియ్యటానికి బద్ధకమేసి.

ఆ ఏడుగురి కోసం ఒకావిడ శనివారం రాత్రి ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి పాఠాలు తయారు చేస్తారు. ఒకాయన అరగంట ముందు వెళ్ళి హీటర్ వేసి, కుర్చీలు సర్ది, అయ్యాక మళ్ళీ మడిచి పెట్టి వస్తారు. ఉగాది నాడు మన పిల్ల స్టేజీ మీద పద్యం చదివితే మనం చప్పట్లు కొట్టింది పిల్లకి, పొంగిపోయింది మనం. ఆ ఇద్దర్నీ ఎవరైనా వేలితో చూపించామా? మేము చూపించలేదు.

అందుకని సర్వసభ్య సమావేశానికి ముందు మాదొక మనవి. తలలు లెక్కపెట్టి బడి మూసెయ్యొద్దు. ఏడుగురున్నా నలుగురున్నా మూడేళ్ళు నడుపుదాం. దిష్టిబొమ్మలు కట్టకుండా ఓపిక పడదాం. వచ్చే ఉగాదికి పద్యం చదివిన ప్రతి పిల్లా, పిల్లవాడూ దిగే ముందు, నేర్పినవాళ్ళ వైపు వేలు చూపించాలని నియమం పెడదాం. పెద్దల వైపు వేలు చూపించటం మర్యాద కాదంటారా, అయితే నమస్కారమే పెట్టించండి.

మూసేద్దామన్న మా మాట వెనక్కి తీసుకుంటున్నాం. ఈ ఆదివారం మా పిల్లల్ని తీసుకుని మేమూ వస్తాం. కుర్చీలు మడవటానికి ఇంకో జత చేతులు ఉంటాయి.