50 లక్షలు ఒడిసినంక బిడ్డ గతేంది?

కాగజ్‌నగర్ దిక్కు పల్లెల బిడ్డకు కడుపు ఉబ్బితే మొదలు మలేరియా అంటరు. తర్వాత రక్తం తక్కువుందని టానిక్ రాస్తరు. గౌచర్ అని తేలేసరికి ఏండ్లు గడుస్తయి. ఒంట్లో ఒక ఎంజైము కొరవడి ప్లీహం, కాలేయం పెరిగే జన్యుజబ్బు ఇది. రక్తపరీక్షతో తేలుతది, మందు కూడా ఉన్నది. ఆ పరీక్ష రాయాలన్న అనుమానం మొదటి డాక్టరుకు రావాలె గదా!

2021ల కేంద్రం అరుదైన జబ్బుల విధానం తెచ్చింది. హైదరాబాద్‌ల సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిపి ఒక కేంద్రం చేసిన్రు. 2022ల సాయాన్ని రోగికి 50 లక్షల దాక పెంచిన్రు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఈ మందు రెండు వారాలకోసారి, బతికినన్నాళ్లు ఎక్కించాలె. మోతాదేమో బరువును బట్టి. బిడ్డ ఎదిగినకొద్దీ పైసలు జల్ది ఒడుస్తయి. పిల్ల బరువు పెరిగితే తల్లి సంబురపడాల్నా, భయపడాల్నా? ఈ లెక్క రాసినోళ్ల ఇండ్లల్ల పిల్లలు లేరా?

ఇసొంటి బిడ్డలు కొద్దిమందే అంటరు. నిజమే, ఓట్లు లెక్కబెట్టేటోళ్లకు వీళ్లు కనబడరు.

మన ఆస్పత్రులు, మన కొలువులు మనకు కావాలని కొట్లాడినోళ్లం మేం. 2014ల రాష్ట్రమొచ్చింది. కాగజ్‌నగర్‌కు పంజగుట్ట మాత్రం దగ్గర కాలే. కూలి పోగొట్టుకొని ఏడాదికి 26 సార్లు రైలెక్కుడు ఎవలితోనైతది? జిల్లాకో మెడికల్ కాలేజీ పెట్టుకున్నం. ఆ మందు అక్కడ ఎక్కించలేరా? నెలకొక్కనాడు జన్యువైద్యుణ్ని పంపలేరా? 50 లక్షలు ఒడిసిన మరునాటి నుంచి మందు ఖర్చు రాష్ట్ర ఖజానా భరించాలె. మేం అడిగేది గీ ఒక్క జీవో.