గుర్రంకొండ కథ



మన పిల్లలు బడిలో రాజుల పేళ్లను, యుద్ధముల యేండ్లను వల్లించుచున్నారు. దగ్గరి యూరికి ఆ పేరెట్లు వచ్చెనని యడిగిన మాత్రము మిన్నకుందురు. కావున ఈ నెల మదనపల్లె ప్రాంతమందలి గుర్రంకొండను గూర్చి ముచ్చటింతును.

ఈ దుర్గమునకు ఒక గుర్రము కావలి యుండెననియు, అది కొండపై నున్నంతకాలము కోట శత్రువులకు వశము కాదనియు పెద్దలు చెప్పుదురు. కడకొక మహారాష్ట్ర నాయకుడు నిట్టనిలువు చరియ నెగబ్రాకి, ఆ గుర్రమును అపహరించెనట. దొంగ దారిలోనే పట్టుబడినను, కోట మహిమ మరల రాలేదట.

ఇది వట్టి పుక్కిటిపురాణమని త్రోసివేయవలదు. చరిత్రను చూడుడు. 1791లో టిప్పు సుల్తానుతోడి యుద్ధమున నిజాము సేనలును ఆంగ్లేయులును ఈ కోటను ముట్టడించిరి. దిగువ కోట నవంబరులో వారి చేజిక్కెను. ఎగువ కోట మాత్రము లొంగలేదు. అయినను 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన అదియు నిజామునకు చెందెను. 1800లో ఆంగ్లేయుల పాలయ్యెను. ఫిరంగులకు లొంగని కొండ ఒక చేవ్రాలుతో చేయిమాఱినది!

కొండయు, దాని దిగువ మహలును నేటికిని నిలిచియున్నవి. వాని కథ మాత్రము ముసలమ్మల నోట నున్నది. దానికి కావలి మనమే. రాత్రి పిల్లలకు ముద్దలు కలిపి పెట్టునప్పుడు రెండును చెప్పుడు. ఏది కథయో, ఏది చరిత్రయో వేరుపఱచి చెప్పుడు.