ఎక్కడికి వెళ్లొచ్చాడో చెప్పనివ్వండి

వీపున ఒక సంచి, ఫోన్‌లో ఒక టికెట్, పది పన్నెండు రోజుల సెలవు. అమలాపురం, భీమవరం, రాజమండ్రి పిల్లలు ఇప్పుడు థాయ్‌లాండ్, వియత్నాం, శ్రీలంక, బాలి ఇలాగే చుట్టి వస్తున్నారు. 2023 నవంబరు నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండా రానిచ్చింది. 2024లో విశాఖపట్నం నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం మొదలైంది. రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడానికి పట్టే సమయంలో సగం కూడా పట్టదు, విశాఖలో లేచి బ్యాంకాక్‌లో వాలడానికి. బస్సులో గుంపుగా తిప్పి, మధ్యాహ్నం వెతికి మరీ సాంబారన్నం పెట్టించే టూరు కాదు ఇది. రెండు రోజులు నగరం, రాత్రి బస్సులో సముద్ర తీరానికి, అక్కణ్నుంచి పడవలో ఏదో దీవికి, ఎనిమిది మంచాల గదిలో ఒక మంచం. దీన్నే వాళ్లు బ్యాక్‌ప్యాకింగ్ అంటున్నారు.

మన డెల్టాకు సముద్రం దాటడం కొత్తేమీ కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలని పిలిచేవారు. రంగూన్‌ని మన పెద్దలు ‘రంగం’ అనేవారు. వాళ్లు పొట్టకూటికి వెళ్లారు, వీళ్లు సరదాకి వెళ్తున్నారు. వెళ్లనివ్వండి అనే నేనూ అంటాను. పాతికేళ్ల వయసులో సొంత డబ్బుతో నాలుగు ఊళ్లు తిరిగిరావడం ఆరోగ్యానికి మంచిదే.

నాకు ఇబ్బందల్లా ఒక్క మాటతో. వెళ్లేవాళ్లూ అదే అంటారు, పంపేవాళ్లూ అదే అంటారు: ‘అక్కడా మన ఎండే, మన దోమలే, మన చేపల కూరే. మనకు అలవాటే కదండీ, ఏమవుతుంది?’

యూరప్ నుంచో అమెరికా నుంచో ఉష్ణదేశాలకు వచ్చేవాడు బయల్దేరే ముందు డాక్టర్ని కలుస్తాడు, టీకాలు వేయించుకుంటాడు. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే అక్కడి డాక్టరు వేసే మొదటి ప్రశ్న ‘ఎక్కడికి వెళ్లొచ్చావు?’ అనే. మనవాడు ఆగస్టులో ఫుకెట్ నుంచి వచ్చి రాజమండ్రిలో జ్వరపడితే అది మామూలు ఆగస్టు జ్వరమే. ఊరంతా జ్వరాలే. వీధి చివర ఇంజెక్షన్ ఒకటి, ఏదో యాంటీబయాటిక్ రెండు రోజులు, తగ్గలేదని ఇంకోటి. వాడు పరాయి దేశం వెళ్లొచ్చిన సంగతి ఎవరికీ గుర్తురాదు. వెళ్లిన చోటు మన ఊరిలాగే ఉండటమే ఇక్కడ తంటా.

అసలు ‘అలవాటు’ ఎంతవరకు నిజమో చూడండి. మీ తరంలో చాలామందికి చిన్నప్పుడే, చెరువు నీళ్లు, కాలువ నీళ్లు తాగిన రోజుల్లోనే హెపటైటిస్-ఎ వచ్చి పోయింది. చాలావరకు కామెర్లు కూడా కనపడకుండానే పోయింది. దానితో జీవితాంతం రక్షణ మిగిలింది. మీ పిల్లలు అలా కాదు. పుట్టినప్పట్నుంచీ ఆర్‌ఓ నీళ్లు, ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు. అది మంచి పనే, కానీ ఆ రక్షణ వాళ్లకు లేదు. పెద్దయ్యాక ఈ కామెర్లు వస్తే చిన్నప్పటికంటే బాగా ఇబ్బంది పెడతాయి, నెలా రెండు నెలలు మంచాన పడేస్తాయి. కాబట్టి వీధి పక్కన ఐసు గడ్డలు వేసిచ్చే రసం దగ్గర మీ అబ్బాయికీ ఆ యూరప్ కుర్రాడికీ పెద్ద తేడా లేదు. దీనికి టీకా ఉంది. టైఫాయిడ్‌కీ ఉంది, ఒక్క డోసు చాలు. ఆ ఒక్క డోసు టీకాను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్కే. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు వేయించుకుంటే సరిపోతుంది.

డెంగీ దగ్గరికొచ్చేసరికి అలవాటు రక్షించకపోగా తిరగబడుతుంది. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వస్తే ఆ రకం నుంచి మాత్రమే జీవితాంతం రక్షణ. రెండోసారి వేరే రకం సోకితే, మొదటిసారి తయారైన యాంటీబాడీలే వైరస్‌కు దారి చూపించి జబ్బు ముదిరేలా చేయవచ్చు. ఐసీఎంఆర్ 2017-18లో చేసిన దేశవ్యాప్త రక్తపరీక్షల సర్వేలో, దక్షిణాదిలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి ఎప్పుడో ఒకప్పుడు డెంగీ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు, మామూలు జ్వరంలా వచ్చిపోయి ఉంటుంది. అంటే మొదటిసారి దోమ కుట్టించుకునే తెల్లవాడికంటే, మన పిల్లలే ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంతో విమానం ఎక్కుతున్నారు. మన ఊళ్లోనూ నాలుగు రకాలూ తిరుగుతుంటాయి కదా అంటే, నిజమే. కానీ ఇంట్లో జ్వరం వస్తే అమ్మ చూస్తుంది. మూత్రానికి లేచాడా లేదా, కళ్లు తెరుస్తున్నాడా లేదా గమనిస్తుంది. ఎనిమిది మంచాల గదిలో పై మంచం మీద పడుకున్నవాణ్ని చూసేదెవరు? రాత్రి తాగి పడుకున్నాడేమో అనుకుని పక్కవాళ్లు బీచ్‌కి వెళ్లిపోతారు.

డెంగీలో అసలు గండం జ్వరం ఉన్నప్పుడు కాదు, తగ్గేటప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతుంది. ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తపోటు పడిపోవచ్చు. ‘హమ్మయ్య తగ్గింది’ అనుకుని సరిగ్గా ఆ రోజే రాత్రి బస్సో విమానమో ఎక్కుతారు. ఎక్కవద్దు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం, మగత, మూత్రం తగ్గడం... ఇందులో ఏది కనిపించినా, వేళతో పని లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. మనవాళ్లకు ప్లేట్‌లెట్ల సంఖ్య మీద, బొప్పాయి ఆకు రసం మీద ఉన్న శ్రద్ధలో సగం ఈ లక్షణాల మీద పెడితే నా రాత్రి డ్యూటీలు కొంచెం తేలికవుతాయి. ఈ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం ముందూ. రాత్రి దోమతెరతో పని అయిపోదు. చేతులకూ కాళ్లకూ దోమల మందు పగలే రాసుకోవాలి, బీచ్‌లోనూ రాసుకోవాలి.

ఇక తిరిగి వచ్చాక. వార్డులో మంచం పక్కన అమ్మా నాన్నా నిలబడి ఉంటారు. ‘ఈ నెలలో ఎక్కడికైనా వెళ్లొచ్చావా బాబూ?’ అని అడుగుతాను. ‘హైదరాబాద్‌లో ఫ్రెండ్ పెళ్లికండీ’ అంటాడు. కళ్లు మాత్రం నాన్న వైపు తిరుగుతాయి. అప్పుడు ‘అమ్మా, మీరిద్దరూ ఓ పది నిమిషాలు బయట కూర్చోండి’ అంటాను. తలుపు వేశాక పట్టాయా బయటికొస్తుంది. ఆ పేరు చెబితే ఇంట్లో ఏమనుకుంటారోనని ఇన్నాళ్లూ దాచాడు. పట్టాయా అంటే మనవాళ్లకు ఒకటే అర్థం కదా. వాడు అక్కడ ఏం చేశాడో, ఏమీ చేయలేదో నాకు అనవసరం. నాకు కావలసింది తేదీలు, ఊళ్లు, దోమలు, నీళ్లు. అవి తెలియకపోతే చేయాల్సిన పరీక్ష చేయకుండా పోతుంది, చేసినా ఆలస్యమవుతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. బ్యాంకాక్, ఫుకెట్, పట్టాయాల్లో మలేరియా దాదాపు లేనట్టే. కానీ సంచి తగిలించుకున్నవాళ్లు నగరాల్లో ఆగరు, సరిహద్దు అడవుల్లో జలపాతాలు చూడ్డానికి కూడా వెళ్తారు. కంబోడియా పశ్చిమ సరిహద్దులో, దానికి ఆనుకుని ఉన్న థాయ్‌లాండ్‌లో ఆర్టెమిసినిన్ మందుకు సరిగా లొంగని మలేరియా క్రిములను గుర్తించి చాలా ఏళ్లయింది. మన రంపచోడవరం, చింతూరు మలేరియాకు వాడే మందుల్లోనూ ప్రధానమైనది ఆ కుటుంబపు మందే. రోగి ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే క్రిములు తగ్గుతున్నాయో లేదో రోజూ రక్తం చూస్తాం. తెలియకపోతే మందు ఇచ్చేశాం కదా అనుకుంటాం. జలపాతాల్లో, బురద నీళ్లలో ఆడినవాళ్లకు వచ్చే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ కూడా ఇంతే. వరి చేలల్లో పనిచేసే వ్యక్తికైతే వెంటనే అనుమానిస్తాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అనుమానించం. తొలి దశలో దీనికి చవకైన డాక్సీసైక్లిన్ చాలు. టెట్రాసైక్లిన్ జాతికి చెందిన ఈ మందుకు పెద్దన్న ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోని పరిశోధనల్లోనే బయటపడింది.

దీనికి మరో వైపు కూడా ఉంది. శ్రీలంకకు 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా రహిత దేశంగా గుర్తింపు ఇచ్చింది. ఇప్పుడు వాళ్ల భయమల్లా బయటి నుంచి, ముఖ్యంగా మన దేశం నుంచి వచ్చేవాళ్లతోనే. మారేడుమిల్లిలో రెండు రాత్రులు గడిపి ఆ వారమో పై వారమో కొలంబో వెళ్లేవాళ్లు అక్కడ జ్వరం వస్తే ‘నేను ఇండియా నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి’ అని వాళ్లే అడగాలి. అలాగే డెంగీతో మన ఊరికి వచ్చినవాణ్ని మన దోమ కుడితే ఆ వైరస్ మన వీధిలోకి వస్తుంది. జ్వరం ఉన్న మొదటి వారం పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టమని చెప్పేది అందుకే.

జబ్బులకంటే ముందు ప్రాణం తీసేవి రెండున్నాయి, స్కూటరూ సముద్రమూ. ఇక్కడా అలవాటే దెబ్బ కొడుతుంది. ఏటిగట్టు మీద హెల్మెట్ లేకుండా తిరిగిన అలవాటుతోనే అక్కడ కొండ రోడ్డు మీద అద్దె స్కూటరు తీస్తారు. ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అది వెళ్లే దేశంలో చెల్లుతుందో లేదో కూడా చూసుకోండి. చెల్లే లైసెన్సు లేకుండా పడితే ప్రయాణ బీమా చాలావరకు పైసా ఇవ్వదు. తొడ ఎముక ఆపరేషన్ బిల్లు అక్కడ ఎంతవుతుందో ఊహించుకోండి. గోదావరి కాలువల్లో ఈత నేర్చినవాళ్లకు సముద్రం తెలిసినట్టే అనిపిస్తుంది. కాలువ ఒకవైపే లాగుతుంది. సముద్రంలో ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే పాయలు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఫుకెట్, క్రాబి ఉన్న పడమటి తీరంలో మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులతో సముద్రం పోటు మీద ఉంటుంది. ఎర్రజెండా ఉంటే మోకాళ్ల లోతుకు కూడా దిగవద్దు.

బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. గుళ్ల దగ్గర కోతులతో సెల్ఫీలు వద్దు. కోతి గానీ కుక్క గానీ గీరినా కరిచినా పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు అక్కడే టీకా మొదలుపెట్టాలి. ‘ఇంటికొచ్చి వేయించుకుందాం’ అని ఆగవద్దు. మిగతా డోసులు మన ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తాం. మద్యం గురించి ఒకటే చెబుతాను. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్ అనే చిన్న ఊళ్లో మిథనాల్ కలిసిన మద్యం వల్ల ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. అందరూ ఇలా సంచి తగిలించుకుని తిరిగే ఊరే అది. ఎవరో కలిపిచ్చిన గ్లాసు, ఉచితంగా పోసే గ్లాసు ముట్టవద్దు. తాగిన మర్నాడు చూపు మసకబారితే అది హ్యాంగోవర్ కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక లైంగిక సంబంధం గురించి భయముంటే 72 గంటల్లోపు డాక్టరును కలవండి, హెచ్‌ఐవీ సోకకుండా మందులు మొదలుపెట్టే వీలుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు.

కొత్తగా పెళ్లయి ఈ దేశాలకే వెళ్లే జంటలకు మాత్రం ఒక్క మాట అదనం. జికా వైరస్ ఉన్న చోటుకు వెళ్లొస్తే భర్త వెళ్లినట్టయితే మూడు నెలలు, భార్య ఒక్కరే వెళ్లినట్టయితే రెండు నెలలు గర్భం కోసం ప్రయత్నించకుండా ఆగడం మంచిది. ఈ సంగతి అత్తగారికి ఎలా చెప్పాలో మీరే చూసుకోండి.

తల్లిదండ్రులుగా మీరు చేయాల్సింది వెళ్లొద్దని అనడం కాదు. అలా అన్న ఇంట్లోనే పిల్లలు ఫ్రెండ్ పెళ్లి పేరు చెప్పి వెళ్తారు. అనుమతి అడిగే పరిస్థితి ఉంటే ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో ఒక కాగితం ఇంట్లో ఉంటుంది, బీమా నంబరు మీ ఫోన్‌లో ఉంటుంది. సంచిలో పచ్చడి సీసాతోపాటు పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమల మందు మీరే పెడతారు. రోజూ వేసుకునే మందులుంటే ప్రిస్క్రిప్షన్‌తో సహా పెడతారు. నిద్ర మాత్రలు, కొన్ని నొప్పి మాత్రల మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి, ముందే కనుక్కోండి.

తిరిగొచ్చిన ఏడాది లోపల ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడగకపోయినా సరే ఫలానా తేదీన ఫలానా దేశం నుంచి వచ్చాడని మొదటి మాటగా చెప్పండి. ఆ ఊళ్ల పేర్లు నోరు తిరక్కపోతే ఫోన్‌లో టికెట్లు చూపించండి, ఓపీ చీటీ మీద మేం రాసుకుంటాం.