ఆడపిల్లల ఆటస్థలం ఏదీ?

ఈడేరగానే ఆడపిల్ల ఆట మానేస్తే బద్ధకమనో, సెల్‌ఫోన్ పిచ్చి అనో తేల్చేయడం పెద్దలకు అలవాటైంది. లెక్కలు అలా చెప్పడం లేదు. ఎదిగే పిల్లలకు రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ సంస్థ నిపుణులు 146 దేశాల వివరాలు పరిశీలించి 2019లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 11-17 ఏళ్ల మగపిల్లల్లో 78 శాతానికి, ఆడపిల్లల్లో 85 శాతానికి ఆ మాత్రం కదలిక లేదు. మన దేశం కాస్త నయమే. అయితే మగపిల్లల విషయంలో అందుకు క్రికెట్, ఆడపిల్లల విషయంలో ఇంటి చాకిరీ కారణం కావచ్చన్నారు ఆ నిపుణులే. ఒకరికి ఆట, మరొకరికి అంట్లు. ఈ పంపకాన్ని వ్యాయామమని సరిపెట్టుకోవడం అన్యాయం.

ఇంట్లో మొదలైన ఈ తేడాను వీధి మరింత పెంచుతోంది. గేటెడ్ కమ్యూనిటీ పిల్లకు వాకింగ్ ట్రాక్, షటిల్ కోర్టు గుమ్మం ముందే ఉంటాయి. బస్తీ పిల్లకు దక్కేది బైకులు దూసుకొచ్చే ఇరుకు సందు. దగ్గర్లో మైదానమున్నా సాయంత్రం నాలుగు క్రికెట్ జట్లు దాన్ని పంచేసుకుంటాయి. గోడ మీద పోకిరీల బైఠాయింపు, వెలగని లైటు, తాళం వేసిన మరుగుదొడ్డి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోనూ తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిందని 1990ల్లో గుర్తించారు. 1999లో మొదలుపెట్టి రెండు పార్కుల్లో స్థలాన్ని విడగొట్టి, నడకదారులు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు కల్పించాక వారు తిరిగొచ్చారు. మార్చింది పిల్లల్ని కాదు, పార్కులను.

'రోజులు బాగోలేవు, ఎలా పంపుతాం?' అన్న తల్లిదండ్రుల భయం నిజమైనదే. కానీ భయపెట్టేవాళ్లను వదిలేసి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారం ఎలా అవుతుంది? నలుగురు ఆడపిల్లలు ఆడే చోటికే ఐదో పిల్ల ధైర్యంగా వస్తుంది. చదువు దెబ్బతింటుందన్న వాదనా నిలవదు. ఆ మాట కొడుకు బ్యాటు పట్టినప్పుడు గుర్తుకు రాదేం? వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిందంటే ఆమె పట్టుదలతోపాటు గురుకులం ఇచ్చిన శిక్షణా కారణమే. అలాంటి అవకాశం అదృష్టం మీద ఆధారపడకూడదు.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. సర్కారు బడుల మైదానాలను సాయంత్రం తెరిచి, ఆడపిల్లలకు వేళలు కేటాయించాలి. లైట్లు, నీళ్లు, మరుగుదొడ్లు, మహిళా పీఈటీలు ఉండాలి. పరీక్షల పేరుతో ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే పద్ధతి పోవాలి. ఇవేవీ చేయకుండా ఆడపిల్లల ఆరోగ్యంపై ఉపన్యాసాలిచ్చే అర్హత ప్రభుత్వాలకు లేదు.